మొదటి రెండు పాయింట్లు

‘స్కోరు బల్ల’ సీరియల్: పదకొండో భాగం

కిందటి వారం మనం జ్ఞానప్రసూనను వ్యాలీ రెన్స్ క్లబ్ ఆఫీసులో, టీవీ ముందు, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. యాభై రెండేళ్ళ మనిషిని ఏడు రోజులు అలా నిలబెట్టడం న్యాయం కాదు. కానీ పత్రిక వారానికొకసారే వస్తుంది, నేనేం చేయను? ఆవిడ ఏం చూసి అలా కొయ్యబారిపోయిందో మరిచిపోయిన వాళ్ళకోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

వ్యాలీ రెన్స్ అంటే ఫీనిక్స్‌లో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ క్లబ్. 2001 మే నెలలో పుట్టింది. పుట్టిన రోజు నుంచీ సొంత కోర్టులో ఆ క్లబ్ ఆడిన ప్రతి ఆటకూ పక్కన బల్ల దగ్గర కూర్చుని స్కోరు పుస్తకం రాసింది జ్ఞానప్రసూనే. చాండ్లర్‌లో చిప్పుల ఫ్యాక్టరీ ఇంజినీరు దివాకర్ గారి భార్య. గుంటూరులో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ టీముకు ఆడింది, మోకాలు దెబ్బతిన్నాక అదే టీముకు స్కోరర్ అయింది. క్లబ్‌లో అందరూ ఆవిడను ‘మిస్ జీ’ అంటారు. పూర్తి పేరు పలకబోయి నాలుక కరుచుకున్న వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మిస్ జీ రాసిన అంకె మీద ఇన్నేళ్ళలో ఏ కోచ్ కూడా పేచీ పెట్టలేదు.

ఇప్పుడు 2015. పదిహేనో సీజన్ శనివారం మొదలవుతుంది. ఆ రోజు రెండు వేడుకలు. ఒకటి, క్లబ్ చరిత్ర పుస్తకంగా వస్తోంది. రెండోది, పాత అరీనా నేల పీకేసినప్పుడు దాచిన ఒక చదరపు చెక్కను కొత్త అరీనా గుమ్మంలో గోడకు బిగించి, దాని కింద ఇత్తడి పలక పెడుతున్నారు. ‘ఇక్కడి నుంచే కెప్టెన్ ఓడెస్సా ప్రూయిట్ ఈ క్లబ్ మొదటి బాస్కెట్ వేసింది’ అని పలక మీద చెక్కించారు కూడా. అప్పటి కెప్టెన్ ఓడెస్సా ఇప్పుడు ఆ క్లబ్‌కే కోచ్.

పుస్తకం రాసే పని రష్మిది. వరంగల్ పిల్ల, ఇక్కడే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్ చేసి, క్లబ్‌లో ఉద్యోగానికి చేరి ఆరు నెలలయింది. స్టోర్ రూములో అట్టపెట్టె అడుగున ఆ పిల్లకు మొట్టమొదటి ఆట వీడియో టేపు దొరికింది. సరదాగా చూద్దాం రండి ఆంటీ అని ప్రసూనను పిలిచి వేసింది. ఆటలో మొదటి నిమిషం. రెన్స్ వాళ్ళు వేసిన బంతి బుట్ట అంచుకు కొట్టుకుని పైకి లేచింది. దాన్ని బయటికి నెడదామని అవతలి జట్టు అమ్మాయి ఎగిరింది. నెట్టబోయి, తాను కాపాడుకోవలసిన బుట్టలో తానే వేసేసుకుంది. ఆ అమ్మాయి పక్కనే, భుజం భుజం రాసుకునేంత దగ్గరగా, చెయ్యి చాచి ఎగిరినది యోలాండా క్వింటానా అనే రెన్స్ జట్టు కొత్త పిల్ల. ఓడెస్సా ఎక్కడుందయ్యా అంటే ఇరవై అడుగుల దూరంలో. బంతి వంక చూడనైనా చూడకుండా ఎవరినో కేకలేస్తోంది. అయినా మైకులో ‘బాస్కెట్, ఓడెస్సా ప్రూయిట్!’ అని మోగింది, జనం హోరెత్తారు.

రష్మి టేపు ఆపింది. “ఆంటీ, ఈ బాస్కెట్ ఓడెస్సా మేడమ్‌ది ఎట్లయితది?” అని అడిగింది.

అక్కడ ఆగాం మనం.

ఆ పిల్లకు ప్రసూన ఏం జవాబు చెప్పిందో ముందు చెప్పేస్తాను. రేపు చెప్తానని చెప్పింది. టేపు ఇంకెవరికీ చూపించవద్దంది. హ్యాండ్‌బ్యాగు టేబుల్ మీదే మరిచిపోయి పార్కింగ్ లాట్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటారే, అచ్చం అలా ఉంది ఆవిడ వాలకం. రష్మి చదువుకున్న పిల్ల, ఆ మాత్రం గమనించకపోలేదు. కానీ అడగలేదు.

నిజానికి ప్రసూన టేపు చూసి ఆశ్చర్యపోలేదు. భయపడింది. అందులో ఏముందో ఆవిడకు తెలుసు.

గుంటూరులో ఆవిడకు స్కోరు రాయడం నేర్పింది వెంకటస్వామి మాస్టారు. ఆయన చేతిలో ఎప్పుడూ అంతర్జాతీయ రూల్స్ పుస్తకం ఉండేది, ఆ పుస్తకంతోనే నెత్తి మీద ఒకటి వేసేవాడు. ఎవరైనా పొరపాటున తమ బుట్టలోనే బంతి వేసుకుంటే ఆ రెండు పాయింట్లూ కోర్టులో ఉన్న అవతలి జట్టు కెప్టెన్ పేరున రాయాలి. ఆ రూలు ఒకసారి తప్పు రాసినందుకు ప్రసూన చేత వందసార్లు రాయించాడు. వందసార్లు రాసినది ఎముకల్లోకి ఇంకిపోతుంది. 2001లో, కొత్త దేశంలో, కొత్త బల్ల దగ్గర, మొదటి నిమిషంలోనే కంప్యూటర్ మొరాయించి అందరూ ఆవిడ కాగితం వైపే చూస్తుంటే, చెయ్యి ఆలోచించకుండా కెప్టెన్ పేరు రాసేసింది. మైకు మనిషి ఆ కాగితం చూసే చదివాడు. పేపర్ల వాళ్ళు ఆ కాగితం చూసే రాశారు.

అమెరికాలో రూలు వేరు. ఇక్కడ ఆ పాయింట్లు కెప్టెన్‌కు కాదు, బంతికి దగ్గరగా ఉన్న ఎదుటి ప్లేయర్‌కు పోతాయి. ఈ సంగతి ప్రసూనకు 2004లో తెలిసింది. అలాంటిదే మరో బాస్కెట్ పడినప్పుడు పక్క కుర్చీలో కూర్చున్న టైమ్‌కీపర్ రూల్స్ పుస్తకం తెరిచి చూపించాడు. ఆ క్షణంలోనే మూడేళ్ళ కిందటి బాస్కెట్ గుర్తొచ్చింది. గుర్తొచ్చి, గొంతులో పడ్డ చేపముల్లులా అక్కడే ఉండిపోయింది. ఏమో, ఆ రోజు ఓడెస్సాయే దగ్గరగా ఉందేమో అని తనకు తాను చెప్పుకుంది. ఓడెస్సా దగ్గరగా లేదని లోపలెక్కడో తెలుస్తూనే ఉంది. పదకొండేళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. క్లబ్‌లో ‘మిస్ జీ తప్పు రాయదు’ అని ఎవరైనా అన్నప్పుడల్లా ఆవిడ నవ్వి ఊరుకునేది.

బుధవారం పొద్దున్న కాఫీ దగ్గర భర్తకు మొత్తం చెప్పింది. దివాకర్ గారు చెడ్డవాడేం కాదు. అయినా మొగుళ్ళు ఇలాంటప్పుడు ఏ సలహా ఇస్తారో ఆయనా అదే ఇచ్చాడు. మానిన పుండును ఎందుకు గెలుకుతావన్నాడు. ఆ అరీనా నేలే పీకేశారు, నువ్వు పాయింట్లు పీకుతానంటావేమిటి అన్నాడు. ఆ పిల్లకు టేపు సరిగ్గా కనపడలేదని చెప్పేయమన్నాడు. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి లేచేసరికి ఆయన మొహం మారింది.

“ఆ కుర్చీ పోతుంది ప్రసూనా. నువ్వు తట్టుకోలేవు.”

అది నిజమేనని ఆవిడకు తెలుసు. ఈ దేశం వచ్చిన కొత్తలో డిపెండెంట్ వీసా మీద, వర్క్ పర్మిట్ లేక, నాలుగేళ్ళు అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ చుట్టూ నడిచింది. ఎవరి పిల్లలు ఎన్ని రౌండ్లు ఈదుతున్నారో లెక్కపెడుతూ నడిచింది. గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాది ఈ బల్ల దొరికింది. ఆ బల్ల దగ్గర కూర్చున్నాకే ఫలానా వారి భార్య అన్న మాట వదిలి తనకంటూ ఒక పేరు వచ్చింది, అది మిస్ జీ అయినా సరే. కారు తాళాలు తీసుకుని బయల్దేరింది.

మే నెల, పొద్దున్న తొమ్మిదికే ఎండ మాడ్చేస్తోంది. స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుందని వేసవిలో ఆవిడ వంటింటి అవెన్ గ్లవ్స్ ఒక జత కార్లోనే ఉంచుతుంది. వాటితోనే ఫ్రీవే దాకా డ్రైవ్ చేసింది. దారి పొడుగునా ఓడెస్సాతో ఎలా మొదలుపెట్టాలో ఇంగ్లీషులో నాలుగు రకాలుగా అనుకుంది. ఏ రకంగా మొదలుపెట్టినా చివరికి వచ్చేది ఒకటే మాట. నీ మొదటి బాస్కెట్ నీది కాదు, దాన్ని నీకు అంటగట్టింది నేను. ఇద్దరూ పద్నాలుగేళ్ళ స్నేహితులు. ఓడెస్సా తల్లి పోయినప్పుడు ప్రసూన వారం రోజులు చారూ అన్నం వండి పట్టుకెళ్ళింది. అలాంటి మనిషి గోడ మీద పేరు పడే వారంలోనే ఈ మాట చెప్పాలి.

ప్రాక్టీస్ జిమ్‌లో అమ్మాయిలు ఫ్రీ త్రోలు వేస్తున్నారు. గోడవారగా ఎత్తు స్టూలు మీద ఓడెస్సా, మోకాలి మీద ఐసు సంచీ. నలభై అయిదేళ్ళ మనిషి, ఆరడుగుల రెండంగుళాలు, నవ్వినా కోప్పడినా జిమ్మంతా వినిపిస్తుంది. ప్రసూనను చూసి చెయ్యి ఊపింది. వెనకే, ప్రసూన రమ్మంటే, లాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని వస్తున్న రష్మిని చూసి చెయ్యి దించింది. పుస్తకంలో ఏమైనా తేడానా అని అడిగింది.

ముగ్గురూ పక్కనున్న చిన్న గదిలోకి వెళ్ళారు. రష్మి లాప్‌టాప్ తెరిచి, టేపు నుంచి ఎక్కించుకున్న ఆ ఒక్క నిమిషాన్నీ వేసింది. ప్రసూన తెర వైపు చూడలేదు, ఓడెస్సా మొహం వైపే చూస్తూ కూర్చుంది. బంతి లేచింది, ఆ అమ్మాయి ఎగిరింది, బంతి బుట్టలో పడింది. మైకులో ఓడెస్సా పేరు మోగింది.

ఓడెస్సా మొహంలో ఆశ్చర్యం లేదు. ప్రసూన ఊహించని సంగతి అదే. ఓడెస్సా ఐసు సంచీ తీసి బల్ల మీద పెట్టింది.

“ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడగొచ్చు కదా మిస్ జీ,” అంది. “నా పేరు రాయమని నీకు చెప్పింది మేనేజరేనా?”

ప్రసూనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఏ మేనేజర్ అని అడిగింది.

అప్పుడు ఓడెస్సా చెప్పింది. ఆ ఏడాది ఊరంతా ఆమె బొమ్మే, బస్సుల మీద, బిల్‌బోర్డుల మీద. టికెట్లు అమ్ముడయ్యేది ఆ బొమ్మ చూసే. ఆ ఆట అయ్యాక లాకర్ రూములో విలేకరులు మొదటి బాస్కెట్ గురించి అడిగితే, అది నేను వేసింది కాదు అనబోయింది. పక్కనే ఉన్న అప్పటి జనరల్ మేనేజర్ నవ్వుతూనే ఆమె బూటు తొక్కాడు. కెప్టెన్‌కు వినయం ఎక్కువ అని విలేకరులతో జోకు వేశాడు. అంతే, ఓడెస్సాకు అర్థమైపోయింది. అర్థమైందని అనుకుంది. మొదటి బాస్కెట్ తన పేరున పడాలని పైనుంచి ఎవరో ఏర్పాటు చేశారు, బల్ల దగ్గరి కొత్త మనిషి భయపడి ఒప్పుకుంది. ఆ కొత్త మనిషికి ఉద్యోగం కావాలి, పాపం. తనకూ కావాలి. నోరు మూసుకుంది.

మొదటి రెండు సీజన్లు ఓడెస్సా తనతో ఎందుకు ముభావంగా ఉండేదో ప్రసూనకు అప్పుడు తెలిసింది. మోకాలి నొప్పి వల్లనేమో అనుకునేది ఆ రోజుల్లో. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఏ సభలో మాట్లాడినా ఓడెస్సా ‘మా మొదటి బాస్కెట్’ అనేది, ‘నా మొదటి బాస్కెట్’ అని ఒక్కసారీ అనలేదు. పెద్ద మనసని అందరూ చప్పట్లు కొట్టేవారు.

“నన్ను కొన్నారనుకున్నావా?” అని అడిగింది ప్రసూన.

“నిన్ను బెదిరించారనుకున్నాను. నన్ను కొన్నారనుకున్నాను.”

రష్మి తల దించుకుని కీబోర్డు వైపు చూస్తోంది. ఆ పిల్లకు ఆ గదిలో ఉండాలో పోవాలో తెలియలేదు, పోతే బాగుండదని ఉండిపోయింది.

ప్రసూన కారులో అనుకున్న నాలుగు రకాల ఇంగ్లీషూ ఎటో పోయింది. గుంటూరు నుంచి మొదలుపెట్టింది. వెంకటస్వామి మాస్టారు, రూల్స్ పుస్తకం, నెత్తి మీద దెబ్బ, వందసార్లు రాయడం, అన్నీ చెప్పింది. మా దగ్గర అలాంటి బాస్కెట్ కెప్టెన్ పేరున రాస్తారు, కెప్టెన్ బుట్ట కింద ఉన్నా బాత్‌రూములో ఉన్నా అంతే అంది. వెంటనే తప్పు దిద్దుకుని, బాత్‌రూములో ఉండకూడదు, కోర్టులో ఉండాలి అంది. స్కోరర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎవరూ ఏమీ చెప్పలేదని, మేనేజర్ ఆ రోజు తన బల్ల దగ్గరికి రానే లేదని చెప్పింది. ఈ దేశం రూలు తెలియక, నేర్చుకున్న రూలు ప్రకారం రాశానని చెప్పింది.

ఓడెస్సా ఆవిడ వంక చూస్తూ ఉంది. పెదవుల కొసల్లో ఏదో కదిలింది. అది ఏడుపో నవ్వో ప్రసూన పోల్చుకునేలోగా ఓడెస్సా విరగబడి నవ్వడం మొదలుపెట్టింది. ఐసు సంచీ జారి కింద పడింది. అవతల జిమ్‌లో బంతుల చప్పుడు ఆగిపోయింది, అమ్మాయిలు తలుపు వైపు చూస్తున్నారు కాబోలు. ఓడెస్సా కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. రూలా, రూలు ప్రకారమా అని అడిగింది. బిల్‌బోర్డు కోసం కాదు కదా అని అడిగింది. ఆ రోజుల్లో ఊళ్ళో బిల్‌బోర్డులు ఉన్నాయనే నాకు తెలియదు, నాకు డ్రైవింగ్ రాదు, బస్సులో కిటికీ పక్క సీటు దొరికేది కాదు అంది ప్రసూన. అది విని ఓడెస్సా మళ్ళీ నవ్వింది.

పద్నాలుగేళ్ళు మెడలో వేలాడిన గుదిబండ అలా ఒక రూలు ముక్క వినేసరికి ఊడి పడింది. తనను ఎవరూ కొనలేదు. స్నేహితురాలిని ఎవరూ బెదిరించలేదు. ఒక ఊళ్ళో నేర్చుకున్న పాఠాన్ని ఇంకో ఊళ్ళో బుద్ధిగా అప్పజెప్పిన పిచ్చి పొరపాటు, అంతే. ఓడెస్సా వంగి ప్రసూనను ఒక్కసారి గట్టిగా కావలించుకుంది. అయిదడుగుల మనిషి ఆ చేతుల్లో కనిపించకుండా పోయింది. అక్కడే, ఆ చెమట వాసనలో, ప్రసూనకు ఏడుపొచ్చింది. హాయిగా ఉంది ఆ ఏడుపు. తడుముకోకుండా ఏడ్చింది.

కానీ సగం కక్కి సగం మింగితే ఒంటికి మంచిది కాదు. ప్రసూన కళ్ళు తుడుచుకుని మిగతా సగమూ చెప్పింది. 2004లోనే ఇక్కడి రూలు తెలిసిందని, తెలిసీ నోరు విప్పలేదని. ఆ మాటకు ఓడెస్సా నవ్వు ఆగింది.

“పదకొండేళ్ళా?”

“పదకొండేళ్ళు. భయపడ్డాను. ఆ కుర్చీ తీసేస్తారని భయం. నువ్వు మాట్లాడవని భయం.”

ఓడెస్సాకు కోపం వచ్చిన మాట నిజం. లేచి కిటికీ దాకా వెళ్ళింది. ఆమె మోకాలు ప్రతి అడుగుకూ టక్కుమంది. నువ్వు 2004లో చెప్పి ఉంటే నేను పదకొండేళ్ళ ముందే హాయిగా నిద్రపోయేదాన్ని అంది. ప్రసూన కాదనలేదు. ఆ తర్వాత ఓడెస్సా తనలో తనే ఏదో లెక్క వేసుకున్నట్టుంది. నేను 2001లోనే అడిగి ఉంటే నువ్వూ నిద్రపోయేదానివి కదా అంది. నాకు తెలిసి ఎవరూ క్షమించమని అడగలేదు, ఎవరూ క్షమించాననీ చెప్పలేదు. ఓడెస్సా వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది, కింద పడ్డ ఐసు సంచీ ప్రసూన తీసి ఆమె మోకాలి మీద పెట్టింది. వాళ్ళిద్దరి మధ్య అది చాలింది.

అప్పుడు రష్మి మెల్లగా నోరు విప్పింది. పుస్తకం రేపే ప్రింటుకు పోతుందని గుర్తు చేసింది.

“మేడమ్, పన్నెండో పేజీ నేను మార్చాల్నా వద్దా?”

ఆ ప్రశ్న వెనక ఆ పిల్ల గుండె ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. ఆరు నెలల ఉద్యోగి వచ్చీ రాగానే కోచ్ పేరును చరిత్రలోంచి తీసేయడమంటే మాటలా? ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి వీసా లెక్కన మిగిలేది నెలా పదిహేను రోజులు. రాత్రంతా ఆ రోజులే లెక్కపెట్టుకుంది. ఓడెస్సా మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పేజీ మార్చు అంది. పలక చెక్కిన వాళ్ళ నంబరు తీసుకుని తనే ఫోన్ చేసింది. నా పేరు తీసేయండి, కొత్త పేరు ఆ మనిషిని అడిగి ఒక గంటలో చెప్తాను, శనివారానికి కావాలి అంది. అవతలి వాడు కుదరదన్నట్టున్నాడు. ఓడెస్సా గొంతు కొంచెం పెంచింది, కుదిరింది.

లీగ్ ఆఫీసుకు ఉత్తరం ప్రసూన రాయాలని తేలింది. తప్పు తన చేతిది కాబట్టి దిద్దుబాటూ తన సంతకంతోనే పోవాలని ఆవిడే పట్టుబట్టింది. కుర్చీ సంగతేమిటని మాత్రం నోరు తెరిచి అడగలేకపోయింది. ఓడెస్సాయే అందుకుని, శనివారం అరగంట ముందుగా రా, కొత్త అరీనాలో బల్ల ఎత్తు ఎక్కువగా ఉంది, నీ కుర్చీకి దిండు కావాలి అంది. దివాకర్ గారికి ఆ మాట వెంటనే మెసేజ్ పెట్టింది ప్రసూన. ఆయన జవాబుగా మూడు దణ్ణాల బొమ్మలు పంపాడు.

ఇక మిగిలింది యోలాండా.

రష్మి పాత రికార్డు తీసింది. నలభై రెండో నంబరు జెర్సీ, 2001లో ఆరు ఆటల్లో కలిపి తొమ్మిది నిమిషాలు. పాయింట్లు సున్నా. జులైలో తీసేశారు. ఆ తర్వాత ఏ ప్రొఫెషనల్ టీములోనూ ఆ పేరు లేదు. ఇప్పుడు యూమాలో స్కూలు బస్సు నడుపుతోందని ఓడెస్సాకు ఎవరో చెప్పగా తెలుసు. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేస్తే నంబరు దొరికింది. పదకొండున్నర అయింది, బస్సులకు విరామం ఉండే వేళ. ఓడెస్సా స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టింది. పండగ కబురు చెప్పబోతున్నట్టు ఆమె మొహం వెలిగిపోతోంది. ప్రసూన కూడా కుర్చీ ముందుకు లాక్కుంది. పద్నాలుగేళ్ళ తర్వాత ఒక మనిషికి రెండు పాయింట్లు ఇవ్వడం ఎంత బాగుంటుందో చూడాలని ఉంది ఆవిడకు.

యోలాండా ఫోన్ ఎత్తింది. ఓడెస్సా గొంతు గుర్తుపట్టి సంతోషించింది. విషయం చెప్పగానే పకపకా నవ్వింది, ఎఫ్‌ఎమ్ రేడియో వాళ్ళు చేసే తమాషా కాదు కదా అని అడిగింది. కాదని ఓడెస్సా ఒట్టు వేసింది. టేపు ఉంది, శనివారం నువ్వు రావాలి, గోడ మీద నీ పేరు పెడుతున్నాం అంది. ఈ క్లబ్ మొదటి బాస్కెట్ నీది అంది.

అవతల నవ్వు ఆగింది. ఏదో తలుపు మూసిన చప్పుడు. రష్మి ఫోన్ మీదికి వంగింది.

“జులైలో నన్ను తీసేసిన రోజు,” అంది యోలాండా, “మేనేజర్ కాగితం నా ముందుకు తోశాడు. నీ పేరుకు ఎదురుగా సున్నా కాకుండా ఒక్క అంకె చూపించు, సీజన్ అయ్యేదాకా ఉంచుతాను అన్నాడు. నేను చూపించలేకపోయాను.”

ఓడెస్సా మొహంలో వెలుగు పోయింది. రష్మి ఎవరి వైపూ చూడలేదు. ప్రసూన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంతసేపూ ఆ రెండు పాయింట్లు తనను ఎలా బాధపెట్టాయో, ఓడెస్సాను ఎలా బాధపెట్టాయో మాట్లాడుకున్నారు. మూడో మనిషి బతుకులో అవి ఏం చేశాయో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

“ఆ రోజు స్కోరు పుస్తకం రాసిన మనిషి ఇంకా అక్కడే పనిచేస్తోందా?” అని అడిగింది యోలాండా. గొంతులో కోపం ఉందో లేదో తెలియడం లేదు. “ఆమెను నేనొక మాట అడగాలి.”

ఓడెస్సా చప్పున అరచేతితో ఫోన్ మూసింది. ప్రసూన వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. ఆ మనిషి ఎప్పుడో వెళ్ళిపోయిందని నేను చెప్తాను, శనివారం ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుందాం అని గుసగుసగా అంది. స్నేహితురాలు కాబట్టి అంది.

పొద్దున్నయితే ప్రసూన ఆ చేతిని అలాగే ఉండనిచ్చేది. కానీ దాచిన మాట ఎంత బరువుంటుందో, అది దిగితే ఎంత హాయిగా ఉంటుందో గంట కిందటే చూసింది. మళ్ళీ అలాంటిదొకటి ఎత్తుకునే ఓపిక ఆవిడకు లేదు. ఓడెస్సా వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా తీసి ఫోన్ తన దగ్గరికి లాక్కుంది.

“నేనే రాశాను యోలాండా. నా పేరు జ్ఞానప్రసూన. ఇక్కడే ఉన్నాను, అడుగు.”